పేరు తేలని తిమ్మిరి
(చెన్నై టి.నగర్‌లో తెలుగువారి ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అమ్మలకు, మిత్రులకు నమస్కారం.

నేను డాక్టర్ని కాను. కోడంబాక్కంలో ఒక మందుల షాపులో చాలా ఏళ్లు ఫార్మసిస్టుగా పనిచేశాను. మాది నెల్లూరు దగ్గర పల్లె. కొన్నేళ్లుగా నా రెండు పాదాల్లో తిమ్మిరి ఉంది, ఈ మధ్య వేళ్ల చివర్లకు కూడా వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇంకా తేలలేదు. మందులు ఇచ్చినవాడిగా, ఇప్పుడు మందుల చీటీ పట్టుకుని తిరుగుతున్నవాడిగా మాట్లాడమని నిర్వాహకులు అడిగారు.

ముందుగా ఒక మాట. కారణం తేలకపోవడం వేరు, జబ్బే లేకపోవడం వేరు. మన ఇళ్లలో, ఒక్కోసారి ఆస్పత్రుల్లో కూడా, ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. రిపోర్టు నార్మల్ అని వచ్చిన సాయంత్రం నుంచి ఇంట్లో చూపు మారిపోతుంది. "ఏమీ లేదన్నారు కదా, ఇంకా ఎందుకు కాళ్లు పట్టుకుని కూర్చుంటావు" అంటారు. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు, వాళ్లకు నిజంగానే ఊరట కలిగింది. కానీ విన్న మనిషి ఆ తర్వాత చెప్పడం మానేస్తాడు. పాదానికి పుండు పడినా చెప్పడు. నాకు భయం అక్కడే.

నార్మల్ అన్న రిపోర్టు దేన్ని చూసి నార్మల్ అందో తెలుసుకోవాలి. నరాల పరీక్ష అంటే మనలో చాలామందికి తెలిసింది చేతికీ కాలికీ చిన్న చిన్న కరెంటు షాకులిచ్చి చేసే నెర్వ్ కండక్షన్ పరీక్ష. అది మంచి పరీక్షే. అయితే అది లావుపాటి నరపు పోగుల సంగతే చెప్తుంది. మంట, నొప్పి, వేడి, చల్లదనం తెలిపేవి సన్నపు పోగులు. అవి మాత్రమే దెబ్బతిన్నప్పుడు ఈ పరీక్ష చక్కగా నార్మల్ అని వస్తుంది. వాటిని చూడాలంటే కాలి చర్మం నుంచి చిన్న ముక్క తీసి, అందులో నరపు పోగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. అది అందరికీ అవసరం లేదు, అన్నిచోట్లా చేయరు. అలాంటిది ఒకటి ఉందని తెలిస్తే, అరికాళ్లు మండుతున్న మనిషి తనను తాను అనుమానించుకోకుండా ఉంటాడు.

మరి తిమ్మిరి ఎక్కువగా పాదాల్లోనే ఎందుకు మొదలవుతుంది? వెన్ను కింది భాగం నుంచి కాలి బొటనవేలి దాకా వెళ్లే నరాలు శరీరంలో అన్నింటికన్నా పొడుగైనవి. పెన్నా కాలువలో నీళ్లు తగ్గినప్పుడు ముందు ఎండేది చివరి ఆయకట్టే కదా, ఇదీ అంతే. శరీరమంతటినీ పట్టే లోటు ఏదైనా సాధారణంగా ముందు కాలివేళ్ల దగ్గర తెలుస్తుంది. అది మోకాలి దాకా ఎగబాకేసరికి చేతివేళ్లలో మొదలవుతుంది. రెండు వైపులా సమానంగా ఇలా ఉంటే డాక్టర్లు ఒక రకంగా ఆలోచిస్తారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రమే మొద్దుబారి, అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకుంటే తగ్గుతోందంటే మణికట్టు దగ్గర నరం నలుగుతోందేమోనని చూస్తారు. చిటికెనవేలైతే మోచెయ్యి. తొడ బయటివైపు ఒక్కచోటే అయితే నడుం దగ్గర బిగుతుగా ఉన్న బెల్టు కూడా కారణం కావచ్చు.

అందుకే స్కానింగు కన్నా ముందు మీరు చెప్పే మాట ముఖ్యం. "తిమ్మిరి" అని ఒక్క మాటతో సరిపెట్టకండి. చీమలు పాకినట్టుందా, సూదులు గుచ్చినట్టుందా, మంటా, లేక ముట్టుకున్నా తెలియడం లేదా? చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకపోవడం ఒకటి, దుప్పటి తగిలినా భరించలేకపోవడం ఇంకొకటి. ఎక్కడ మొదలైంది, ఏ నెలలో ఎంత దూరం వచ్చింది, చీకట్లో నడిస్తే తూలుతున్నారా, ఇవన్నీ కాగితం మీద రాయండి. సూళ్లూరుపేట, గూడూరు వైపు నుంచి పొద్దున రైలెక్కి సెంట్రల్‌లో దిగి, ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆస్పత్రికి, అదే జి.హెచ్.కు, వెళ్లేవాళ్లను నేను చూస్తుంటాను. అరవంలో చెప్పలేక, దొరికిన రెండు నిమిషాల్లో అసలు సంగతి వదిలేసి బయటికొస్తారు. తెలుగులోనే రాసుకుని, తమిళం వచ్చిన బంధువునో పక్కింటివాళ్లనో చదివి చెప్పమనండి.

డాక్టరు ఒంటిని పరీక్ష చేయకపోతే మర్యాదగా అడగండి. చీలమండ వెనక సుత్తితో తట్టి చూడటం, కొడితే అదిరే 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను కాలి బొటనవేలికి ఆనించి అదురు తెలుస్తోందా అని అడగటం, 10 గ్రాముల నైలాన్ పోగుతో అరికాలు తాకటం, కళ్లు మూసి నిలబెట్టి చూడటం. వీటికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. నా విషయంలో ఒక ఆస్పత్రి వెన్నెముక ఎమ్మారై తీయించింది గానీ, నా పాదాన్ని తాకి చూసినవాళ్లు లేరు. ఆ ఎమ్మారైలో డిస్కు కొంచెం అరిగిందని వచ్చింది. ఏ నొప్పీ తిమ్మిరీ లేని నా వయసువాళ్లలో కూడా అలాంటి అరుగుదల మామూలుగా కనిపిస్తుంది. స్కానులో ఏదో కనిపించింది కాబట్టి అదే కారణమని అనుకుంటే వెతకడం అక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు నా వృత్తికి దగ్గరి సంగతి, బి12 విటమిన్. ఇది మొక్కల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం నుంచే రావాలి. శాకాహారులకు, వయసు పైబడినవాళ్లకు, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లకు ఇది తగ్గిపోవచ్చు. గ్యాస్ మాత్ర అని పొద్దున్నే పరగడుపున వేసుకునే ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ లాంటివి కూడా దీర్ఘకాలంలో బి12 ఒంటికి పట్టడాన్ని తగ్గించవచ్చు. డాక్టరు 2 వారాలకు రాసిన గ్యాస్ మాత్రను పాత చీటీ చూపించి ఏళ్లకేళ్లు కొనుక్కునేవాళ్లు ప్రతి మందుల షాపుకూ తెలుసు. మీ మందుల పట్టికలో దాన్ని "అది మందు కాదులే" అని వదిలేయకండి.

బి12 లోటు తేలితే అది అదృష్టమే అనాలి, ఎందుకంటే దానికి మందుంది. కానీ వరస తప్పుతోంది. ముందు సూది వేయించుకుని, తగ్గకపోతే అప్పుడు రక్తపరీక్షకు వెళ్తున్నారు. అప్పటికి రక్తంలో అంకె పెరిగిపోయి ఉంటుంది, అసలు లోటు ఉందో లేదో తెలియకుండా పోతుంది. ముందు రక్తం ఇవ్వండి, ఆ తర్వాతే సూది. అంకె అంచు మీద ఉంటే లోటు నిజంగా ఉందో లేదో తేల్చడానికి మిథైల్ మలోనిక్ ఆసిడ్, హోమోసిస్టీన్ అనే రక్తపరీక్షలు అవసరమా అని డాక్టర్ని అడగండి.

ఇక్కడ మన వాడొకరిని తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టి, ఇదే ఊళ్లో మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది. ఎంతోమంది రక్తహీనతను బాగుచేసిన మందు అది. అయితే బి12 లోటున్న మనిషికి ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం మెరుగుపడుతుంది, నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయని ఆ ఏళ్లలోనే డాక్టర్లు గమనించారు. బి12ను విడదీయగలిగింది 1948లో, సుబ్బారావు గారు పోయిన ఏడాదే. ఆయన మందును మనం గౌరవించేది సరైన చోట వాడటం వల్లే. హిమోగ్లోబిన్ బాగుంది కదా అని బి12 చూడకుండా వదిలేయకూడదు.

బి6 సంగతి దీనికి తలకిందులు. లోటు పడినా తిమ్మిరే, ఎక్కువైనా తిమ్మిరే. క్షయ మందు ఐసోనియజిడ్ వాడేవాళ్లకు బి6 కలిపి ఇస్తారు, నరాలు దెబ్బతినకుండా. అదే బి6ను నరాల బలానికని పెద్ద మోతాదులో నెలల తరబడి మింగితే అదే నరాలను పాడుచేస్తుంది. నరాల మాత్ర ఒకటి, బలం మాత్ర ఒకటి, జుట్టు రాలకుండా ఇంకొకటి, మూడింటిలోనూ బి6 ఉండొచ్చు. అట్టల వెనక పైరిడాక్సిన్ అన్న పేరు వెతికి, ఎన్ని మిల్లీగ్రాములో కూడి చూడండి. ఏమున్నాయో రాయని భస్మాలు, చూర్ణాలు వాడుతుంటే అవీ డాక్టరుకు చూపించండి. కొన్నింటిలో సీసం, ఆర్సెనిక్ దొరికిన సందర్భాలున్నాయి, రెండూ నరాలకు విషమే.

షుగరు, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ఎలాగూ చేస్తారు. వాటి గురించి ఎక్కువ చెప్పను. చర్మం మీద పాలిపోయిన మచ్చ ఉండి, ఆ మచ్చలో స్పర్శ తెలియకపోతే మాత్రం ఆ రోజే వెళ్లాలి. అది కుష్ఠు కావచ్చు. ఆ మాట వినగానే ముఖాలు మారతాయి, మారక్కర్లేదు. మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, తొందరగా మొదలుపెడితే నయమవుతుంది. మనకు దగ్గర్లో చెంగల్పట్టులో దీనికోసం కేంద్ర ప్రభుత్వ సంస్థే ఉంది.

కుష్ఠు వైద్యం నుంచే మనలాంటివాళ్లకు ఇంకో మేలు జరిగింది. వెల్లూరు సి.ఎం.సి. (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రిలో పాల్ బ్రాండ్ అనే సర్జన్, కుష్ఠు రోగుల వేళ్లు, పాదాలు పాడయ్యేది చాలావరకు స్పర్శ లేక తగిలే దెబ్బల వల్లేనని చూపించారు. నొప్పి తెలియదు కాబట్టి గాయాన్నే తొక్కుకుంటూ నడుస్తారు. మన తిమ్మిరికి కారణం ఏదైనా ఈ ప్రమాదం ఒకటే. కాబట్టి రోగనిర్ధారణ అయ్యేదాకా ఆగకుండా ఈ రాత్రి నుంచే పాదాలు చూసుకోండి. వంగలేకపోతే అద్దం కింద పెట్టండి, లేదా ఇంట్లోవాళ్లను చూడమనండి. చెప్పులో కాలు పెట్టేముందు చేత్తో తడిమి రాయి ఉందేమో చూడండి. స్నానం నీళ్లు కాలితో కాదు, మోచేతితో చూడాలి. వేడినీళ్ల బ్యాగు పాదాల దగ్గర పెట్టుకుని పడుకోవద్దు. గుడి ప్రదక్షిణ ఏప్రిల్, మే నెలల మిట్టమధ్యాహ్నం వద్దు, పొద్దున్నే వెళ్లండి. కాలిన రాతి మీద బొబ్బలెక్కినా మనకు తెలియదు. దేవుడు పొద్దున కూడా అక్కడే ఉంటాడు. బండి నడిపేవాళ్లు బ్రేకు కింద కాలు తెలియడం లేదంటే, ఎంత కష్టమైనా, నడపడం ఆపాలి.

ఆగకూడని సందర్భాలు కూడా చెప్తాను. ఒక్కసారిగా ఒకవైపు ముఖమో చెయ్యో మొద్దుబారి, మాట తడబడితే అది పక్షవాతం కావచ్చు. గడ్డ కరిగించే మందుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. కాళ్లలో మొదలైన తిమ్మిరి, నీరసం కొద్ది రోజుల్లోనే పైకి పాకుతూ మెట్లెక్కలేకపోతున్నా, ఊపిరి కష్టమైనా అది గులియన్ బారే కావచ్చు, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే నరాలను దెబ్బతీసే జబ్బు. 2025 జనవరిలో పూణేలో చాలామందికి వచ్చి పేపర్లలో పడింది, మీకు గుర్తుండే ఉంటుంది. కూర్చునే చోట స్పర్శ పోయి, మూత్రం ఆగిపోయినా వెంటనే ఎమర్జెన్సీకే.

ఇక టెన్షన్ సంగతి. టెన్షన్ వల్ల తిమ్మిరి రాదని నేను అనను. గాభరాలో ఊపిరి వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లో జుమ్మంటుంది. ఊపిరి నెమ్మదించాక పోతుంది. నెలల తరబడి రాత్రీ పగలూ పాదాల్లో ఉండే మొద్దుతనానికి ఆ లెక్క సరిపోదు. పైగా కారణం తెలియక నిద్ర లేకుండా గడిపే మనిషికి టెన్షన్ రావడంలో ఆశ్చర్యమేముంది? దాన్నే తిరగేసి కారణంగా చూపించడం అన్యాయం.

మా షాపులో చాలామంది ఆడవాళ్లు అమిట్రిప్టిలిన్ చీటీ పట్టుకుని వచ్చేవారు. ఇంటికెళ్లి పిల్లలు ఫోన్లో చూసి, "అమ్మా, ఇది డిప్రెషన్ మందు" అనేవారు. మర్నాడు కళ్లనీళ్లతో తిరిగొచ్చి, "డాక్టరు నన్ను పిచ్చిదాన్ననుకుంటున్నాడా అయ్యా" అని అడిగేవారు. కాదమ్మా. ఆ మందు తక్కువ మోతాదులో నరాల మంటను తగ్గిస్తుంది. డ్యులాక్సెటిన్ కూడా అంతే. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ వేరే రకం. ఇవన్నీ మంటను, నొప్పిని తగ్గిస్తాయి గానీ పోయిన స్పర్శను తెచ్చిపెట్టవు. మొద్దు తగ్గలేదని కోపంతో ఒక్కరోజులో మానేయకండి, మెల్లగా తగ్గించాల్సిన మందులివి. డాక్టర్లు రాసేటప్పుడే ఈ రెండు ముక్కలూ చెప్తే ఎంత ఏడుపు తప్పుతుందో!

ఖర్చు గురించి ఒక్క మాట. చాలా ఇన్సూరెన్సులు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, బయటినుంచి వెళ్లి చేయించుకునే పరీక్షలకు ఇవ్వవు. కాబట్టి డాక్టరు మారినప్పుడల్లా అవే పరీక్షలు మళ్లీ చేయించుకోకుండా రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒకే ఫైల్లో పెట్టండి. అన్నీ కలిపి చూసే డాక్టరు ఒకరుండాలి.

అన్నీ చూశాక కూడా కారణం తేలనివాళ్లు తక్కువేమీ కాదు. ఇలా పాదాల నుంచి మొదలయ్యే నరాల జబ్బులో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి తేలదు. వాళ్లలో ఎక్కువమందికి అది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, నడక పూర్తిగా పోయేవాళ్లు అరుదు. ఈ మాట నాకు చెప్పిన డాక్టర్ని నేను మూడు ప్రశ్నలడిగాను. మళ్లీ ఎప్పుడు చూస్తారు? ఏది మారితే అంతకన్నా ముందు రావాలి? ఇంకా చూడాల్సిన పరీక్ష ఏదైనా మిగిలిందా? ఆయన విసుక్కోలేదు. ఆరు నెలల గడువు రాశారు, కాలి పట్టు సడలితే ఆగకుండా రమ్మన్నారు, రక్తంలోని ప్రొటీన్లను విడదీసి చూసే ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష మిగిలిందని చెప్పి చీటీ రాశారు. ఆ రిపోర్టు వచ్చే వారం వస్తుంది.

ముందు వరసలో న్యూరాలజీ డాక్టరమ్మ గారు ఉన్నారు. మందుల మోతాదు ప్రశ్నలు ఆవిడనే అడగండి. పాదాలకు సరైన చెప్పులు ఎలా చూసుకోవాలో కావాలంటే బయట బల్ల దగ్గర నేనుంటాను.