ఊరి పాటకు కాపీరైట్ క్లెయిమ్ ఎట్ల పడ్తది?

(తెర మీద: యూట్యూబ్ స్టూడియో పేజీ. వీడియో పక్కన ‘కాపీరైట్’ అన్న గుర్తు, దాని మీద కర్సర్.)

వాయిస్: మీ అవ్వతోని ఒక బతుకమ్మ పాట పాడించి ఛానల్‌ల పెట్టిన్రు. తెల్లారి చూస్తే కాపీరైట్ క్లెయిమ్. పాట మాది, యాడ్స్ పైసలు మాకే రావాలె అని ఏదో ఆడియో కంపెనీ. అవ్వనేమో వాళ్లమ్మ పాడంగ విని నేర్చుకున్నది. మరి నడుమ ఈ కంపెనీ ఎక్కడికెళ్లి వచ్చింది?

హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల దిక్కు జానపదం ఛానళ్లు నడిపేటోళ్లకు ఈ తలనొప్పి కొత్త కాదు.

(తెర మీద: వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆట. డ్రోన్ షాట్ వద్దు. ఆడోళ్ల చేతులు, పాదాలు దగ్గరి నుంచి.)

వాయిస్: ఆటల పాట ఎట్ల నడుస్తదో చూడండ్రి. ఒకామె ఎత్తుకుంటది, మిగిలినోళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటరు. తాళం అంటే చప్పట్లే. పెద్దమనుషులు ఎక్కువుంటే నిమ్మళంగ, పడుచుపిల్లలు చేరితే జోరుగ. ఒక చరణం యాదికి రాకపోతే ఇంకోటి. కాళ్లు గుంజేదాక పాట ఒడవది. పక్క ఊర్ల అదే పాటకు పేర్లు మారుతయి, కథ మారుతది. ఏది అసలుది అని అడిగే పని ఎవరికీ పడలే.

(తెర మీద: చిన్న రికార్డింగ్ రూము. గోడలకు ఫోమ్.)

వాయిస్: ఇగ అదే పాట స్టూడియోకు వస్తది. సిస్టంల ట్రాక్, అంటే పాట వెనక వచ్చే మ్యూజిక్, ముందుగాలనే రెడీ. నాలుగు నిమిషాలు, మొదటికెళ్లి ఆఖరు దాక ఒకటే స్పీడు. పాడేటామె అలవాటు కొద్ది చప్పట్లు కొడ్తది. ‘అమ్మా, చేతులు కదపకు, మైకుల పడ్తది’ అంటడు రికార్డిస్టు. చేతులు ఆగంగనే ఆమెకు చరణం తప్పుతది. తర్వాత ఆ చప్పట్లనే కీబోర్డు మీదికెళ్లి వేస్తరు! డప్పు సుత మనిషి కొట్టడు, నెట్ల కొన్న లూపు, అంటే మళ్ల మళ్ల తిరిగే చిన్న రికార్డు ముక్క. అదే లూపు ఇంకెంతమంది కొన్నరో. ఇది గుర్తు పెట్టుకోండ్రి, దీంతోని పని ఉన్నది.

(తెర మీద: గ్రాఫిక్. రెండు ఆడియో తరంగాలు ఒకదాని మీద ఒకటి.)

వాయిస్: యూట్యూబ్‌ల కంటెంట్ ఐడీ అని ఒక ఏర్పాటు ఉన్నది. 2007ల మొదలైంది. కంపెనీలు తమ రికార్డింగులు అందుల చేరుస్తయి, మీరు వీడియో ఎక్కియ్యంగనే సిస్టం వాటితోని పోల్చి చూస్తది. రికార్డింగే కాదు, ట్యూన్ కలిసినా పట్టుకుంటది. ఒకటే డప్పు లూపు రెండు పాటలల్ల ఉంటే పొరపాటున అది సుత పట్టుకోవచ్చు. అందరికీ అమ్మే లూపులను అందుల చేర్చొద్దని యూట్యూబ్ రూలే ఉన్నది, అయినా చేరుతయి. సిస్టంకు తన దగ్గర ఏ రికార్డింగు ఉన్నదో ఎరుక గని, పాట ఎవరి నోట్లె పుట్టిందో ఏం ఎరుక?

చట్టం మాత్రం సాఫ్‌గనే ఉన్నది. 1957 కాపీరైట్ చట్టంల పాట వేరు, రికార్డింగు వేరు. తరాల నుంచి వస్తున్న పాటకు ఓనర్ లేడు. రికార్డు చేసినోళ్లకు ఆ రికార్డింగు మీద 60 ఏండ్ల హక్కు. కొత్తగ రాసిన చరణం రాసినోళ్లది. పాడినోళ్లకు సుత పర్ఫార్మర్‌గ 50 ఏండ్ల హక్కు ఉంటది. ఇది మన అవ్వలకు ఎవరూ చెప్పరు. ఒక చీర పెట్టి, ఆటో కిరాయి చేతుల పెట్టి తోలిస్తరు.

(తెర మీద: ‘క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు’.)

వాయిస్: క్లెయిమ్ పడితే ఛానల్ పోదు, ఛానల్‌కు ముప్పు తెచ్చేది స్ట్రైక్. పాట ఊరిది, పాడింది మీరు, ట్రాక్ మీది అయితే డిస్ప్యూట్ వేయండ్రి, అంటే ఈ క్లెయిమ్ తప్పని యూట్యూబ్‌ల అభ్యంతరం పెట్టండ్రి. 5 రోజుల లోపల వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన పైసలు తేలేదాక పక్కకు ఉంటయి. అవతలోళ్లకు 30 రోజుల గడువు, జవాబు ఇయ్యకపోతే క్లెయిమ్ ఎగిరిపోతది. వాళ్ల ట్రాకే వాడుకొని డిస్ప్యూట్ వేస్తే మాత్రం స్ట్రైక్ దాక పోవచ్చు.

ఇంకో ముచ్చట, ఇది మనోళ్ల మీదనే. మన వరంగల్ దిక్కు దేవనూరుల పుట్టిన బిరుదురాజు రామరాజు గారు 1950లల జానపద గేయాల మీద ఉస్మానియాల పరిశోధన చేసిన్రు. ఊరి పాటలు ఏరినోళ్లు కింద ‘సేకరణ’ అని వేసుకుంటరు. ఇప్పుడు మన వీడియోలల్ల చూస్తే చానా వాటికి ‘రచన’ అనే పడ్తది. రెండు చరణాలు మార్చి మొత్తం పాట నాదంటే ఎట్ల? పక్క ఊరి పోరడు అదే పాట పెడ్తే వాని మీద క్లెయిమ్ వేసేది బొంబాయి కంపెనీ కాదు, మనమే.

(తెర మీద: డిస్ట్రిబ్యూటర్ ఫారం, ఒక టిక్ బాక్స్ చుట్టూ ఎర్ర గీత.)

వాయిస్: పాటల యాప్‌లకు ఆడియో పంపే డిస్ట్రిబ్యూటర్ల ఫారంల పాటను కంటెంట్ ఐడీల చేర్చేందుకు చానాసార్లు ఒక టిక్ ఉంటది. చదువకుండ కొట్టేస్తరు. ఊరి పాట అయితే, అండ్ల కొన్న లూపులు ఉంటే, ఆ టిక్ తీసేయండ్రి. డిస్క్రిప్షన్‌ల ఎవరి దగ్గర, ఏ ఊర్ల విన్నరో వాళ్లను అడిగి రాయండ్రి. స్టూడియోకు పోకముందే అవ్వ ఇంట్ల పాడింది ఫోన్‌ల తీసి, తారీఖుతోని దాచుకోండ్రి. చప్పట్లు కొట్టనియ్యండ్రి.