గాజు గోడ సరే, గాలి సంగతేమిటి?

శ్రోతలకు నమస్కారం.

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు ఆర్కిటెక్టు దగ్గర కూర్చోగానే చెప్పే మొదటి మాట, "ఇల్లు విశాలంగా, వెలుతురుగా ఉండాలి" అని. ఈ కోరికకు చటుక్కున దొరికే జవాబు గాజు. గోడ తీసేసి నేల నుంచి కప్పు దాకా అద్దం బిగిస్తే చిన్న గది కూడా పెద్దదిగా అనిపిస్తుంది. చూపు గోడ దగ్గర ఆగిపోకుండా చెట్టు దాకా, ఆకాశం దాకా సాగుతుంది. అలాంటి గదులంటే నాకూ ఎంతో ఇష్టం. అయితే ఇల్లు తెరిపిగా ఉండాలంటే చూపు, వెలుతురు, గాలి మూడూ కావాలి. గాజు గోడ మొదటి రెండూ ధారాళంగా ఇస్తుంది. మూడోదాని గురించి మనమే పట్టుబట్టి అడగాలి.

ఒకప్పుడు ఇంట్లోకి వెలుతురు రావడమే కలిగినవాళ్ల భాగ్యం. ఇంగ్లండులో 1696లో కిటికీల మీద పన్ను వేశారు. ఆ పన్ను తప్పించుకోవడానికి జనం ఉన్న కిటికీలనే ఇటుకలతో పూడ్చేసుకున్నారు. అక్కడి పాత ఇళ్ల గోడల మీద ఆ ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పన్ను 1851లో రద్దయింది. లండన్‌లో జోసెఫ్ పాక్స్‌టన్ ఇనుముతో, గాజుతో క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద ప్రదర్శనశాల నిలబెట్టిందీ ఆ ఏడాదే. కానీ పెద్ద గాజు పలక మామూలు ఇళ్ల దాకా రావడానికి మరో వందేళ్లు పట్టింది. అంతవరకు వంకర లేని పెద్ద పలక కావాలంటే రెండు వైపులా అరగదీసి మెరుగు పెట్టాల్సిందే. అలస్టేర్ పిల్కింగ్‌టన్ అనే బ్రిటిష్ ఇంజనీరు బృందం ఆ శ్రమను తప్పించే పద్ధతిని 1959లో ప్రకటించింది. కరిగిన తగరం మీదికి కరిగిన గాజును వదులుతారు. గాజు తేలుతూ సమంగా పరుచుకుంటుంది, రెండు ముఖాలూ నున్నగా వస్తాయి. ఇవాళ కిటికీలకు వాడే గాజు దాదాపు అంతా అలా తయారైందే.

గాజు ఇళ్ల ప్రస్తావన వస్తే ఫార్న్స్‌వర్త్ హౌస్ గురించి చెప్పుకోకుండా ముందుకు వెళ్లలేం. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో, ప్లానో అనే ఊరి దగ్గర నది ఒడ్డున ఉంది. మీస్ వాన్ డెర్ రో అనే ఆర్కిటెక్టు ఎడిత్ ఫార్న్స్‌వర్త్ అనే డాక్టరు కోసం గీసిన ఈ ఇల్లు 1951లో పూర్తయింది. తెల్ల రంగు వేసిన 8 ఉక్కు స్తంభాలు, నాలుగు వైపులా గాజు. లోపల ఎక్కడ నిలబడినా చెట్లే. ఫొటోలో చూసినా మనసు నిలిచిపోతుంది. ఇప్పుడు గాలి ఎటునుంచి వస్తుందో వెతకండి. ఒక చివర తలుపు ఉంది. రెండో చివర, కింది భాగంలో, తెరవడానికి వీలైన చిన్న కిటికీలు రెండే రెండు. అందుకే ఎండాకాలంలో ఉక్కపోసేది. చలికాలంలో అద్దాల మీద నీరు పట్టేది. రాత్రి దీపం వేస్తే లోపలున్న మనిషి బయటికి మొత్తం కనిపించేది. ఖర్చు విషయంలో ఆమె, ఆర్కిటెక్టు కోర్టుకు కూడా ఎక్కారు. ఆ ఇంటి అందాన్ని నేను తక్కువ చేయడం లేదు. అంత గాజులో మరో నాలుగు రెక్కలు తెరుచుకునేలా పెట్టి ఉంటే ఆమె అక్కడ ఎంత సుఖంగా ఉండేదో కదా అనిపిస్తుంది.

గాలి ఆడాలంటే రావడానికి ఒక దారి, పోవడానికి మరో దారి ఉండాలి. ఒకే వైపు ఎంత పెద్ద స్లైడింగ్ తలుపు పెట్టినా, అవతలి గోడకు ఒక కిటికీ లేకపోతే గాలి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి, ఎత్తులో తెరుచుకునే చిన్న కిటికీ ఒక్కటున్నా గదిలో తేడా తెలుస్తుంది. ఆ రెండో కిటికీ వెలుతురుకూ మేలు చేస్తుంది. ఒక్క గోడ నుంచే వెలుగు వస్తే ఆ గోడ కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం నల్లగా కనిపిస్తుంది. రెండు వైపుల నుంచి వస్తే ముఖం చక్కగా తెలుస్తుంది.

ఇక ఎండ. గాజులోంచి ఎండ సులువుగా లోపలికి వస్తుంది. దానితో నేల, సామాను వేడెక్కుతాయి. అవి తిరిగి వదిలే వేడి మాత్రం గాజు దాటి నేరుగా బయటికి పోలేదు. అందుకే లోపల కర్టెన్ వేసినా వేడి చాలావరకు గదిలోనే ఉంటుంది. ఎండను గాజు బయటే ఆపాలి. భూమధ్యరేఖకు ఉత్తరాన, ఎండాకాలం ముదిరే ప్రదేశాల్లో, దక్షిణపు గోడకు ఇది తేలిక. మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కనుక చిన్న సన్‌షేడ్ చాలు. తూర్పు, పడమరల్లో సూర్యుడు కిందికి ఉంటాడు, ఏ సన్‌షేడూ ఆపలేదు. పడమటి వైపు పూర్తి గాజు గోడ వద్దనే నేను చెబుతాను. అక్కడ బయట నిలువు పలకలో, చెట్టో ఉండాల్సిందే.

డబుల్ గ్లేజింగ్ వేయిస్తే వేడి బాధ ఉండదని కొందరు అనుకుంటారు. రెండు పలకల మధ్య గాలి ఉండటం వల్ల వేడి దాటడం దాదాపు సగానికి తగ్గే మాట నిజమే. కానీ మామూలు గాజు రెండు పలకలైనా ఎండను పెద్దగా ఆపవు. ఎండ సంగతి తెలియాలంటే గాజు వివరాల్లో సోలార్ హీట్ గెయిన్ కోఎఫిషియంట్ అనే అంకె అడగండి. అది 0 నుంచి 1 దాకా ఉంటుంది. పూత లేని ఒంటి గాజుకు 0.8కి పైనే. అంకె ఎంత తక్కువైతే లోపలికి వచ్చే ఎండ వేడి అంత తక్కువ.

పిల్లలు తిరిగే ఇంట్లో కిందిదాకా ఉన్న అద్దం టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచినది) గానీ లామినేటెడ్ (రెండు పలకల మధ్య పొర పెట్టి అతికించినది) గానీ అయ్యుండాలి. టఫెన్డ్ పగిలితే చిన్న చిన్న ముక్కలవుతుంది. లామినేటెడ్ పగిలినా మధ్యలోని పొర ముక్కల్ని పట్టి ఉంచుతుంది. అద్దంలో కనిపించే చెట్టును నిజమనుకుని పక్షులు వచ్చి కొట్టుకుంటాయి. బయటి ముఖం మీద 5 సెంటీమీటర్ల దూరంలో చుక్కలు వేయిస్తే చాలావరకు తప్పించుకుంటాయి. మన చూపుకు అవి పెద్ద అడ్డు కావు. దయచేసి ఈ ఖర్చుకు వెనకాడకండి.

కిటికీ ఆకారం మీద 1920లలో పారిస్‌లో పెద్ద వాదనే జరిగింది. లె కోర్బుజియే అనే ఆర్కిటెక్టు గోడ పొడవునా సాగే అడ్డ కిటికీ మేలన్నాడు. ఆయన గురువుగా చెప్పదగ్గ ఓగుస్ట్ పెరె నిలువు కిటికీ వైపు నిలిచాడు. నిలువు కిటికీలో నేల, చెట్టు, ఆకాశం ఒకే చూపులో దొరుకుతాయన్నది ఆయన వాదం. నా ఓటు పెరెకే. పైగా కిటికీ ఎంత ఎత్తుకు పోతే వెలుతురు గదిలో అంత లోతుకు పాకుతుంది.

గోడ లేచే ముందే, కిటికీ వచ్చే చోట తాళ్లు కట్టి కొలత గుర్తు పెట్టండి. కుర్చీ వేసుకుని కూర్చుని చూడండి, నిలబడి చూడండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. పక్కింటివారికి ఏం కనిపిస్తుందో అటు వెళ్లి కూడా చూడండి. ఏ రెక్క ఎటు తెరుచుకోవాలో అప్పుడే తేల్చుకోండి. గాజుకు కొలత ఇచ్చేది ఆ తర్వాతే, ఎందుకంటే టఫెన్డ్ గాజును ఒకసారి తయారుచేశాక కోయడం కుదరదు.

నమస్కారం.