మేకుల పొలంలో ఆరంగుళాల కాయిల్: కొనాలా వద్దా?

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ చిన్న కాయిల్, అంటే మెటల్ డిటెక్టర్ చివర ఉండే, నేల మీద ఊపే పళ్లెం లాంటిది, నేను కొన్నది కాదు, ఇక్కడ ఇంగ్లండ్‌లో మెటల్ డిటెక్టర్లు అమ్మే ఒక షాపువాళ్లు ఫ్రీగా పంపారు. ఆ సంగతి మనసులో పెట్టుకునే వినండి. మెషిన్ మాత్రం నా డబ్బుతో కొన్నదే, నోక్టా లెజెండ్ అనే డిటెక్టర్. బరువెంత, బ్యాటరీ ఎన్ని గంటలు, నీళ్లలో ఎంత లోతుకి దింపొచ్చు, ఇవన్నీ ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు, మళ్లీ అప్పజెప్పను. ఈరోజు మాట్లాడేది ఇనుము గురించే.

ఇక్కడ పొలాల్లో ఇనుమంటే ఎంతో తెలుసా అండీ? గుర్రపు లాడాలు, నాగలి ముక్కలు, కంచె తీగలు, రోమన్ల కాలం ఇళ్లున్న చోటైతే వాళ్ల జోళ్ల అడుగున కొట్టిన మేకులు కూడా. తుప్పుపట్టి ఎర్రటి మట్టిగడ్డల్లా ఉంటాయి, చేత్తో నలిపితే గానీ మేకని తెలియదు. కొత్తవాళ్లు అలాంటి చోట రెండు నిమిషాలుండి, చెవులు పోతున్నాయిరా బాబూ అని పక్క పొలానికి వెళ్లిపోతారు. వెళ్లకండి! మేకులున్నాయంటే అక్కడ మనుషులు కాపురం ఉన్నట్టు, వాళ్ల జేబులోంచి జారిన నాణేలు కూడా అక్కడే ఉంటాయి.

సరే, మేకు మేకులాగే పలికితే గొడవే లేదు. సన్నటి మేకులో అయస్కాంత గుణం ఎక్కువ పనిచేస్తుంది, అందుకే మెషిన్ గుర్రుమంటుంది, నేలలో ఉన్నది ఏ లోహమో అంచనాగా తెరమీద చూపించే నంబర్ తక్కువగా ఉంటుంది. కానీ అదే ఇనుము వాషర్‌లా గుండ్రంగానో, రేకులా వెడల్పుగానో ఉంటే కాయిల్ ఇచ్చే ఫీల్డ్‌కి అందులో కరెంటు గట్టిగా తిరుగుతుంది, దాంతో వెండిలాగా టింగుమంటూ పైనెక్కడో నంబర్ చూపిస్తుంది. బీరుసీసా మూతలు మరీ దరిద్రం. మనం ఎక్కువగా వాడే, లోపల రెండు D ఆకారపు తీగచుట్లుండే డీడీ కాయిళ్లకి ఆ స్టీలు మూత అంటే ఎందుకో అంత ప్రేమ.

ఇక టెస్టు. పెరట్లో గడ్డి మీద ఒక పెన్నీ, అంటే ఇక్కడి చిల్లర నాణెం, పెట్టాను, చూడండి. 1992కి ముందుదే ఏరి పెట్టాను, ఎందుకంటే ఆ ఏడాది నుంచి పెన్నీలు రాగిపూత వేసిన ఉక్కుతో చేస్తున్నారు, అయస్కాంతానికి టక్కున అతుక్కుంటాయి, టెస్టుకి పనికిరావు. చుట్టూ పొలంలో దొరికిన తుప్పు మేకులు నాలుగు. ఇప్పుడు మెషిన్‌తో వచ్చిన 11 అంగుళాల కాయిల్... విన్నారా? ఎడమ నుంచి ఊపితే గొంతు నొక్కినట్టు ఒక చిన్న పలుకు, అడ్డంగా తిరిగి ఊపితే గుర్రు తప్ప ఏమీ లేదు. అంత పెద్ద కాయిల్ కింద మేకులు, పెన్నీ అన్నీ ఒకేసారి పడుతున్నాయి కదా, పాపం దానికి మాత్రం ఎలా తెలుస్తుంది. ఇప్పుడు ఆరంగుళాలది. రికవరీ స్పీడ్, అంటే ఒక పలుకు నుంచి తేరుకుని పక్కదాన్ని వినే వేగం, అదే, ఏమీ మార్చలేదు. అదిగో! మళ్లీ వినండి. గుర్రు, టింగు, గుర్రు. మూడూ విడివిడిగా. ఇది విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, సెట్టింగులతో ఇన్నాళ్లు కుస్తీ పట్టింది దీనికోసమే కదా అని.

సెట్టింగులంటే గుర్తొచ్చింది, ఐరన్ ఫిల్టర్, మంచి లోహంలా పలికే ఇనుమును వడకట్టేది. కొందరు దాన్ని చివరిదాకా పెంచేసి, మెషిన్ ఎంత నిశ్శబ్దంగా ఉందో చూడండి అంటారు. నిశ్శబ్దంగానే ఉంటుంది, మేకు పక్కనున్న చిన్న వెండి పెన్నీని కూడా అది మింగేసింది కాబట్టి! నేను తక్కువలోనే ఉంచుతాను. అక్కర్లేని లోహాలు వినపడకుండా చేసే డిస్క్రిమినేషన్‌తో ఇనుమును పూర్తిగా నొక్కేయను, ఇనుము టోన్ వాల్యూమ్ మాత్రం తగ్గిస్తాను, ఎక్కడ చిక్కగా ఉందో చెవికి తెలుస్తూనే ఉండాలి. నా పాత మెషిన్‌కి, పేరెందుకులెండి, ఈ సౌకర్యం లేదు, ఇనుము వింటే మొత్తం వినాలి, లేదంటే అసలు లేదు. రోజంతా ఆ మోత విని ఇంటికొచ్చాక నిద్రలో కూడా గుర్రు వినిపించేది.

మంచి బీప్ వచ్చినా వెంటనే పార దించకండి. నిలబడ్డ చోటు నుంచి పక్కకి తిరిగి, మొదటిదానికి అడ్డంగా ఊపండి. నాణెమైతే సాధారణంగా రెండు వైపులా అక్కడే పలుకుతుంది. మేకైతే పలుకు కాస్త పక్కకి జరుగుతుంది, లేదా గుర్రులోకి దిగిపోతుంది. సీసామూత అనుమానముంటే కాయిల్‌ని మెల్లగా వెనక్కి లాగి ముందంచుతో వినండి, మూతైతే చాలాసార్లు అక్కడ చిటపటలాడి దొరికిపోతుంది. వాషర్ మాత్రం దీనికీ దొరకదు. తవ్వాల్సిందే, తిట్టుకోవాల్సిందే.

ఇనుమును ఇంతలా తిడుతున్నాను గానీ, 1992లో సఫోక్‌లోని హాక్స్‌న్ ఊళ్లో ఎరిక్ లాస్ అనే ఆయన పొలంలోకి దిగింది నిధి కోసం కాదు, రైతు పారేసుకున్న సుత్తి వెతికిపెట్టడానికి. దొరికింది దాదాపు 15 వేల రోమన్ నాణేలు, బంగారు నగలు, వెండి గరిటెలు. సుత్తి కూడా దొరికిందండోయ్, అదీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది!

కామెంట్లలో మనవాళ్లు రోజూ అడుగుతున్నారు, తుగ్గలి, జొన్నగిరి వైపు వజ్రాలకి ఇది పనికొస్తుందా అన్నా అని. రాదు. వజ్రం లోహం కాదు, ఈ మెషిన్‌కి అది ఉన్నా లేనట్టే. గుప్తనిధుల సంగతంటారా, మన దగ్గర 1878 నాటి చట్టం ఇంకా ఉంది, దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి రాసి తెలపాలి. ఇక్కడ కూడా పొలం యజమాని అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, రక్షిత కట్టడాల స్థలాల్లోకి మెషిన్ పట్టుకుని అసలే వెళ్లకూడదు.

ఇక కొనాలా వద్దా. లోతు తగ్గుతుంది, ఒక్క ఊపుకి తడిమే నేల బాగా తగ్గుతుంది, పెద్ద పొలం మొత్తం దీనితో తిరగాలంటే సాయంత్రానికి నడుం పడిపోతుంది. గడ్డి మైదానాలకి, బీచ్‌కి అయితే డబ్బు దండగ. మీకు పాత ఇళ్ల ఆనవాళ్లున్న పొలమో, మేకులు నిండిన ఒక మూలో ఉంటే మాత్రం, మెషిన్ మార్చే ఆలోచన పక్కన పెట్టి ముందు ఇది కొనండి. షాపువాళ్లు వెనక్కి అడిగితే ఇవ్వను, కావాలంటే డబ్బులిస్తాను. డబ్బాలో స్క్రూ, కాయిల్ కవర్ ఉన్నాయో లేవో కొనేటప్పుడే చూసుకోండి.