ప్రారంభ దశ అనే మాట మీద నా ఫిర్యాదు

(తెలంగాణ భాషా దినోత్సవం సందర్భంగా హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. పేర్లు చదవడం మొదలుపెడితే ఒకరిని మరిచిపోతాను, ఆ ఒక్కరే సాయంత్రం ఫోను చేస్తారు. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

కాళోజీ జయంతి నాడు, సెప్టెంబర్ 9న, ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని పిలిచారేమిటని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. వచ్చింది మాత్రం ఒక ఫిర్యాదు చెప్పుకోవడానికి.

మీలో చాలామంది పోటీ పరీక్షలకు చదువుతున్నారు. మీ చేతుల్లో తిరిగే గైడు ఒకటి చూశాను. ఒక పేజీలో నేసెంట్, ఇన్సిపియెంట్, ఇన్‌కోయెట్, ఎంబ్రియోనిక్, ఫ్లెడ్జ్‌లింగ్, బడ్డింగ్ అని ఆరు మాటలు వరుసగా వేశారు. ఆరింటికీ ఎదురుగా ఒకటే అర్థం: 'ప్రారంభ దశలో ఉన్న'. ఇక బట్టీ పట్టుకో, మార్కు తెచ్చుకో!

అయ్యా, అవి ఒకటి కావు. నేసెంట్ అంటే అప్పుడే పుట్టినది. లాటిన్‌లో పుట్టడం అనే క్రియ నుంచి వచ్చింది. నేషన్, నేచర్ కూడా ఆ ఇంటి పిల్లలే. ఇంకా వెనక్కి వెళితే మన జన్మ, జాతి అనే మాటలకూ దానికీ మూలం ఒకటే. ఎంబ్రియోనిక్ అంటే ఇంకా పుట్టనే లేదు, కడుపులోనే ఉంది. పుట్టినదానికీ పుట్టనిదానికీ ఒకే అర్థం రాసిన మహానుభావుడికి ఏం చెబుతాం? ఫ్లెడ్జ్‌లింగ్ పక్షిపిల్ల. ఈకలు రాక గూట్లో నోరు తెరుచుకుని ఉన్నదాన్ని నెస్ట్‌లింగ్ అంటారు. ఈకలు వచ్చి, ఎగరడానికి రెక్క విదిలిస్తుంటే అది ఫ్లెడ్జ్‌లింగ్. 2014 జూన్ 2న మన రాష్ట్రం నేసెంట్. ఫ్లెడ్జ్‌లింగ్ ఎప్పుడు అయిందన్నది చెప్పను. రాజకీయాలు వద్దని ప్రిన్సిపాల్ గారు ముందే మాట తీసుకున్నారు.

బడ్డింగ్‌ను మనుషులకు వాడతారు. బడ్డింగ్ పోయెట్ అంటే మన వర్ధమాన కవి. మన జిల్లాలో అరవై దాటిన వర్ధమాన కవులు కూడా ఉన్నారు, అది వేరే సంగతి.

నాకు బాగా ఇష్టమైనది ఇన్‌కోయెట్. అందులో 'చ' లేదు, 'క' పలకాలి. దాని లాటిన్ మూలంలో ఉన్నది, నాగలిని కాడికి కట్టే పట్టీ పేరు అంటారు. పట్టీ బిగించారు, ఎడ్లు నిలబడ్డాయి, సాలు ఇంకా పడలేదు. పని మొదలైంది కానీ రూపం రాలేదు. ఎడ్లను పూన్చి నాగలి సిద్ధం చేస్తే మనం ఏరు కట్టామంటాం. ఏరువాక ఆ ఏరుతోనే వచ్చింది. కోర్టులో పనిచేసే మిత్రులు ఇక్కడున్నారు, వాళ్లను అడగండి. నేరం పూర్తి కాకపోయినా ప్రయత్నం, కుట్ర శిక్షార్హమే. న్యాయశాస్త్రంలో వాటిని ఇన్‌కోయెట్ నేరాలంటారు. ఏరు కట్టినందుకే శిక్ష అన్నమాట.

ఇక ఇన్సిపియెంట్. దీని దగ్గరే నా కడుపుమంట. ఈ మాట ఎక్కువగా చెడ్డవాటికే అంటుకుంటుంది. రోగం, తిరుగుబాటు, బట్టతల అప్పుడప్పుడే తల ఎత్తుతుంటే ఇన్సిపియెంట్ అంటారు. (ముందు వరుసలో వాళ్లు నవ్వుతున్నారు, నవ్వండి.)

మా చిన్నాయన పత్తి వేసేవాడు. ఒక ఏడు ఊళ్లో కరపత్రాలు పంచారు. ఎవరు పంచారో చెప్పను. 'గులాబీ రంగు పురుగును ప్రారంభ దశలోనే మందు చల్లి అరికట్టాలి' అని అందులో ఉంది. చిన్నాయన చదువుకున్నవాడే, కూడబలుక్కుని చదివాడు. ప్రారంభ దశ అంటే చేను ప్రారంభ దశ అనుకున్నాడు. మీరైనా అదే అనుకుంటారు. నాలుగాకుల మొక్కల మీద, పురుగు జాడే లేని చేనులో, అప్పు తెచ్చి మందు కొట్టాడు. ఆ మందుకు చచ్చింది గులాబీ పురుగు కాదు, పేనుబంక అనే చీడను తినిపెట్టే అక్షింతల పురుగులు. తర్వాత గూడ, అంటే పూమొగ్గ, వచ్చింది, పూత వచ్చింది, అప్పుడు అసలు పురుగు వచ్చింది. రెక్కలు విచ్చుకోని గుడ్డి పూలు కనిపించాయి. చిన్నాయన చేతిలో పైసా లేదు. పురుగు కాయలోకి దూరాక అది దూరిన రంధ్రం మూసుకుపోతుంది, పైన ఎంత చల్లినా లోపలికి తగలదు.

ఆ కరపత్రం ఇంగ్లీషు ప్రతి తర్వాత నా కంటపడింది. అందులో ఉన్నది ఇన్సిపియెంట్. పురుగు ఉధృతి అప్పుడే మొదలవుతున్నప్పుడు అని దాని అర్థం. మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టి, వరుసగా మూడు రోజులు బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగులు పడితే, లేదా 10 శాతం పూలలో, కాయల్లో పురుగు కనిపిస్తే మందు కొట్టాలి. 'గూడ, పూత మీద పురుగు కనబడగానే' అని రాస్తే ఏం పోయింది? ఆ మాటలు ఊళ్లో ఉన్నాయి. రాసినవాడికి లేవు.

అమ్మా, నాన్నా అని పిలుస్తున్నాను, ఒకసారి చెప్పండి. వరికి నారు, పిలక, పొట్ట, ఈనిక, గింజ పాలుపోసుకోవడం. పత్తికి గూడ, పూత, పిందె, కాయ. మామిడికి పూత, పిందె, టెంక పట్టని కాయ. ఇన్ని పేర్లున్న ఇంట్లో పుట్టి, పరీక్షలో అన్నిటికీ 'ప్రారంభ దశ' అని రాసి వస్తున్నాం. పత్రికలవాళ్లకైతే 'శైశవ దశ' ఒకటి దొరికింది. పరిశ్రమ శైశవ దశ, సాంకేతికత శైశవ దశ, ఆఖరికి ఫ్లైఓవరు కూడా శైశవ దశే. స్తంభాలు లేచిన ఫ్లైఓవరుకు శైశవం ఏమిటండీ!

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. ఇంకొక్క మాట. ఈ ఏడు మీ కళాశాల పత్రికలో రెండు పేజీలు నాకు ఇవ్వండి. ఆ ఆరు ఇంగ్లీషు మాటలతో ఆరు వాక్యాలు, వాటి పక్కన మీ ఊరి మాటలతో ఆరు వాక్యాలు రాయండి. మిర్చి వేసేవాళ్లు మిర్చి గురించి, పసుపు వేసేవాళ్లు పసుపు గురించి రాయండి. తెలియకపోతే అమ్మలను, నానమ్మలను అడగండి. నాట్లు, కలుపులు, పత్తి ఏరడం ఎక్కువగా వాళ్ల చేతుల మీదే నడిచాయి, పేర్లు వాళ్లకే బాగా తెలుసు. ప్రూఫులు నేను ఉచితంగా దిద్దుతాను. ఎక్కడైనా 'ప్రారంభ దశ' కనిపిస్తే మాత్రం కొట్టేస్తాను, తర్వాత ప్రిన్సిపాల్ గారికి ఫిర్యాదు చేయవద్దు. సెలవు.