కొలత కంటే ముందు దారం

అందరికీ నమస్కారం. ఇరవై ఏళ్ళ పైగా కుట్టుమిషను చప్పుడులో బతికిన టైలర్ని. ఇవాళ ఆల్ట్రేషన్ గురించి, అంటే కుట్టిన బట్టని లూజో టైటో చేయించుకోవడం గురించి చెప్తాను. మైకులో నా గొంతు నాకే కొత్తగా ఉంది, కాస్త ఓపిక పట్టండి.

మా ఊళ్ళో మ్యాచింగ్ సెంటర్ ఒక్కటే. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు ఎప్పుడు వెళ్ళినా ఉంటాయి. రామా గ్రీన్ అడిగితే మాత్రం "సోమవారం వస్తుందక్కా" అంటాడు. ఏ సోమవారమో చెప్పడు. ఇక పెళ్ళిళ్ళ రోజుల్లో అయితే ఆ ఎరుపు కూడా అయిపోతుంది. ఆషాఢంలో డిస్కౌంటు ఉందని అందరూ చీరలు కొంటారు. కొన్న చీరను బీరువాలో పెట్టి, శ్రావణం వచ్చాక ఒకే వారంలో నా గుమ్మం ముందు నిలబడతారు. లైనింగు, ఫాలు, హుక్కులు అన్నీ ఆ వారమే కావాలి. ఎక్కణ్ణించి వస్తాయమ్మా?

2020లో మాత్రం ఆ కొరత ఒక్క వారంతో పోలేదు. మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు. బట్టల కొట్లు మూత, బస్సులు లేవు. కొట్లలో మిగిలిన ఎలాస్టిక్కేమో మాస్కులకు పోయింది. కానీ పెట్టుకున్న ముహూర్తాలు పెట్టుకున్నట్టే ఉన్నాయి. మే నెలలో, యాభై మందితోనే చేసుకోవాలన్న రోజుల్లో, మా వీధిలో ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురు రెండు నెలలు ఇంట్లోనే ఉండి కాస్త ఒళ్ళు చేసింది. పట్టు జాకెట్టు చంకల దగ్గర పట్టలేదు. రంగు మజెంతా. నా డబ్బాలో మజెంతా దారం రీలు అడుగున ఒక్క పొర ఉంది, అంతే.

ఏం చేశానంటే, బాబిన్‌కి బూడిదరంగు దారం చుట్టి, మజెంతా పైదారంగా మాత్రం పెట్టాను. జాకెట్టు బయటికి కనిపించే వైపు మజెంతా పడింది. లోపల బూడిదరంగు ఎవరికి కనిపిస్తుంది? దారం సగంలో సరిపోయింది. చేతి అంచు మడిచి కుట్టడానికి అదీ మిగల్లేదు. జాకెట్టు ముక్కలో మిగిలిన పేలికలోంచి పోగులు లాగి వాటితోనే చేత్తో కుట్టాను. చినిగిన పట్టుచీరకు రఫూ చేసేవాళ్ళు పోగు తీసేదీ ఇలాగే. గుడ్డలోంచి వచ్చిన పోగుకి మించిన మ్యాచింగ్ ఇంకోటి లేదు.

ఆ పేలిక ఆ తల్లి దాచిపెట్టింది కాబట్టి పని జరిగింది. అందుకే నేను చెప్పేది ఒకటే మాట. ఆల్ట్రేషన్‌కి వచ్చేటప్పుడు మనిషి కొలత కంటే ముందు సామాను లెక్క చూసుకోండి. ఎంత దారం ఉంది, ఎంత గుడ్డ మిగిలింది, లోపల ఎంత కుట్టు, అంటే కుట్టు గీతకి అవతల మడిచిన గుడ్డ, వదిలారు. మీరు ఎంత లూజు కావాలనుకున్నా, ఈ మూడూ ఒప్పుకున్నంతే అవుతుంది.

జాకెట్టు కుట్టించుకున్న రోజే మిగిలిన ముక్కలు అడిగి తీసుకోండి. టైలర్లం మేం వాటిని ఊడ్చి పారేస్తాం, మొహమాటపడకండి. ముక్కలు, ఆ రంగు దారం కొంచెం ఒక అట్టముక్కకి చుట్టి, రెండు హుక్కులు, అన్నీ కలిపి చిన్న గుడ్డసంచిలో వేసి చీరతోనే ఉంచండి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ పడితే హుక్కులు తుప్పు పడతాయి. ఆ మరక పట్టుకి అంటిందంటే పోదు.

ముక్కలు లేవు, లోపల కుట్టూ లేదు. అప్పుడేం చేయాలి? చీరలో బొడ్డు దగ్గర మొదట దోపుకునే చివర ఉంటుంది చూడండి. అక్కణ్ణించి ఒక జానెడు తీస్తే ఎవరికీ తెలియదు. ఆ ముక్కతో చంక కిందినుంచి నడుము దాకా సన్నటి పట్టీ వేయొచ్చు. చెయ్యి దించితే కనిపించదు. పట్టుచీర మీద కత్తెర పెట్టాలంటే నాకూ చెయ్యి వణుకుతుంది, అయినా జాకెట్టు పట్టక చీరే కట్టుకోలేకపోవడం కంటే నయం.

మగ్గం వర్కు చేయించేవాళ్ళకి ఇంకో మాట. పక్క కుట్టు దాకా వర్కు నింపనివ్వకండి. రెండు వేళ్ళ వెడల్పు ఖాళీ వదలమని ముందే గీత గీయించండి. వర్కు మీదుగా కుట్టు వెళ్ళిందంటే దాన్ని విప్పడం, మళ్ళీ కుట్టడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. పట్టులో ఇంకో పేచీ ఉంది. పాత కుట్టు విప్పితే సూది బెజ్జాలు అలాగే ఉండిపోతాయి. ఒకసారి టైటు చేసి మళ్ళీ లూజు చేస్తే ఆ గీత బయటికి వస్తుంది. అందుకని పెళ్ళి పది రోజులు ఉందనగా పక్క కుట్లు పెద్ద టాకాలతో ఆపి, తొడిగించి చూసి, ఆఖరి కుట్టు అప్పుడు వేస్తాను.

లైనింగు విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. కొత్త కాటన్ లైనింగు తడపకుండా వేశాను, తొందరలో. మొదటి ఉతుక్కే అది కుంచించుకుపోయి పైగుడ్డంతా ముడతలు పడింది. రెండోసారి లైనింగు నా డబ్బులతో కొన్నాను. ఇప్పుడు లైనింగూ ఫాలూ రెండూ ఒక రాత్రి నీళ్ళలో నానితేగానీ కత్తెర ముట్టుకోను. ఫాల్ రంగు కలవలేదని టెన్షన్ పడకండి. చీర మరీ పల్చన కాకపోతే పాత చీర ఫాల్ విప్పి వేసేయొచ్చు. చీర మీద కనిపించేది దారం చుక్క. అది మాత్రం కలవాలి. సరిగ్గా అదే రంగు దొరక్కపోతే ఒక పిసరు ముదురు రంగు తీసుకోండి. లేతది తీసుకుంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళు వస్తారు కదా. ఇచ్చేముందు హుక్కులు, జిప్పులు, బొత్తాలు కోసి పెట్టుకోండి. గిన్నె సైజు ఏమీ తగ్గదు, నేను చూశాను. పాత దారం మాత్రం వాడేముందు రెండు చేతులతో లాగి చూడండి. పుటుక్కుమంటే పూలు కట్టుకోవడానికి తప్ప పనికిరాదు.

మగవాళ్ళ సూట్ల గురించి ఎక్కువ చెప్పను. ప్యాంటు నడుము వెనక కుట్టులో సాధారణంగా అంగుళం, అంగుళంన్నర ఉంటుంది, అంతవరకు లూజు చేయొచ్చు. కోటు చేతులు పొట్టి చేయొచ్చు. భుజాలు ముట్టుకోకూడదు. భుజం సరిపోని కోటు కొనకండి, తీసుకొచ్చి నా ప్రాణం తీయకండి.

ఇక ఎప్పుడు రావాలి అంటే, మూఢంలో రండి. ముహూర్తాలు లేని రోజుల్లో మేం ఖాళీగా ఉంటాం, కొట్లో సరుకూ ఉంటుంది. మూఢంలో శుభకార్యం చేయకూడదన్నారు గానీ జాకెట్టు లూజు చేయించుకోకూడదని ఎవరూ అనలేదు. పోయినేడాది ఒకావిడ అలాగే వచ్చింది. ఆమెకి కావాల్సిన నెమలికంఠం రంగు దారం నాలుగు వారాలకి వచ్చింది. పెళ్ళికి ఇంకా నెల ఉంది కాబట్టి ఆమెకీ నిద్ర పట్టింది, నాకూ పట్టింది.

మీలో కొంతమంది జాకెట్లు తెచ్చామన్నారు. తీయండి, తిరగేసి లోపలి కుట్టు చూపించండి. ఆ వెనక వరసలో ఆకుపచ్చ సంచి పట్టుకున్న అక్కతో మొదలుపెడదాం. టేపు తర్వాత, ముందు సంచి విప్పండి.