కొండల చాటున కనిపించని ఆకాశం

నమస్కారం. కర్నూలు నుంచి మాట్లాడుతున్నాను. రాత్రి మిద్దె మీద పడుకుంటే విమానాల దీపాలు ఒకదాని వెనుక ఒకటి సాగిపోతుంటాయి. ఫోను తెరిస్తే అది ఏ విమానమో, ఎంత ఎత్తులో పోతోందో తెలిసిపోతుంది. విమానం తన జాడను ఉపగ్రహాల ద్వారా తెలుసుకుని, సెకనుకు దాదాపు రెండుసార్లు రేడియోలో చెబుతూ పోతుంది. దీని పేరు ఏడీఎస్-బీ. చిన్న రిసీవర్ ఉంటే చాలు, కింద వినవచ్చు.

ఆ తెర చూసినప్పుడల్లా నాకు 2009 సెప్టెంబరు 2 గుర్తుకొస్తుంది. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్‌తో నల్లమల మీద సంబంధాలు తెగిపోయాయి. వైమానిక దళం దిగింది, అడవంతా గాలించారు. మర్నాడు ఉదయానికి గానీ పావురాలగుట్ట మీద శకలాలు కనిపించలేదు. ఐదుగురూ చనిపోయారు. ముఖ్యమంత్రి జాడకే అంతసేపు పడితే, మామూలు మనిషి సంగతి ఏమిటి?

రాడార్ చూపు సూటిగా పోతుంది. కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. దూరం పెరిగేకొద్దీ భూమి వంపు, తక్కువ ఎత్తులో తిరిగేవాటిని దాచేస్తుంది. 35 వేల అడుగుల మీది విమానానికి ఈ చిక్కు తక్కువ. లోయల మీద తక్కువ ఎత్తులో వెళ్లే హెలికాప్టర్‌కే ఎక్కువ.

పై ఆకాశానికి మన దేశం చాలా చేసింది. 1996లో చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయాక రాడార్లు మెరుగుపడ్డాయి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, ఇస్రో కలిసి గగన్ అనే ఉపగ్రహ వ్యవస్థను తెచ్చాయి. అది విమానం ఎక్కడుందో పైలట్‌కు కచ్చితంగా చెబుతుంది. మంచిదే. అయితే పైలట్‌కు తెలియడం వేరు, కింద నుంచి విమానాలను నడిపించే కంట్రోలర్‌కు తెలియడం వేరు. ఆ రోజు జాడ తెలియక తల్లడిల్లింది కిందివాళ్లే కదా!

2021 మార్చి నుంచి మా కర్నూలు దగ్గరి ఓర్వకల్లులో విమానాలు దిగుతున్నాయి, సంతోషం. మన మీది ఆకాశం చెన్నై కంట్రోలర్ల పరిధిలోది. తక్కువ ఎత్తులో ఎగిరే ప్రతి హెలికాప్టర్‌లోనూ ఏడీఎస్-బీ పరికరం ఉండాలి. నల్లమల లోయల్లో తిరిగే హెలికాప్టర్ కూడా చెన్నై కంట్రోలర్ తెర మీద చుక్కై కనిపించాలి. నల్లకాలువ దగ్గరి వై.ఎస్. స్మృతివనానికి వెళ్లినవారికి ఆ కొండలు తెలుసు. వాటి మీద ఆ ఏడీఎస్-బీ మాట వినే రిసీవర్ ఉండాలని నేను అడుగుతున్నాను.