మధ్యలో వదిలేసినా చెడని అల్లిక ఏది? క్రోషే, నిట్టింగ్ సామాన్ల రివ్యూ

అందరికీ నమస్కారం. టేబుల్ మీద ఏమున్నాయో చూస్తున్నారు కదా: క్రోషే హుక్, వెదురు సూదుల జత, ఒక సర్క్యులర్ సూది (రెండు పొట్టి సూదుల్ని వంగే కేబుల్‌తో కలిపినది), కుట్టుకి గుర్తుగా తగిలించే స్టిచ్ మార్కర్లు గుప్పెడు, వరుసలు లెక్కపెట్టే రో కౌంటర్లు రెండు రకాలు. ఇవాళ వీటన్నిటికీ పెట్టేది ఒక్కటే పరీక్ష. "అమ్మా!" అని కేక వినపడగానే ఉన్నపళంగా కింద పడేసి వెళ్లగలమా? తిరిగొచ్చాక ఎక్కడ ఆపామో ఇట్టే తెలుస్తుందా? ఇల్లు, ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకి గంటసేపు ఖాళీ దొరకడం కల్ల. దొరికేది పది నిమిషాలు, దానికీ గ్యారంటీ లేదు. అందులో సగం లెక్క వెతుక్కోవడానికే పోతే సంచి అటకెక్కుతుంది.

ముందు హుక్. ఈ పరీక్షలో క్రోషేకి పోటీ లేదు. మామూలు క్రోషేలో ఒక కుట్టు పూర్తయ్యాక హుక్ మీద మిగిలేది ఒక్క లూపే, మిగతావన్నీ అప్పటికే ముడిపడిపోయి ఉంటాయి. దగ్గరగా చూడండి. హుక్ తీసేశాను. లూప్‌ని కాస్త పొడుగ్గా లాగి, దానికి ఈ మార్కర్ తగిలించి నొక్కేశాను. ఇప్పుడు పాపో పిల్లికూనో దారం పట్టుకుని లాగినా లూప్ మార్కర్‌కి బిగుసుకుంటుందే తప్ప అల్లిక ఊడదు. మార్కర్ లేకపోతే పిన్నీసు పెట్టినా సరిపోతుంది, కాకపోతే పిన్నీసు అడుగున చుట్ట ఉంటుంది చూశారా, ఊలు పోగులు అందులో ఇరుక్కుంటాయి. అందుకే మూత పడే ప్లాస్టిక్ మార్కర్లకే నా ఓటు. ఇంత చిన్న వస్తువు ఇంత పనికొస్తుందని చాలామంది అనుకోరు.

లావు రబ్బరు పిడి ఉన్న హుక్‌లు కొనాలా అని చాలామంది అడుగుతారు. వేళ్లు నొప్పి పుడుతుంటే కొనండి. లేకపోతే మామూలు అల్యూమినియం హుక్ చాలు.

ఇక నిట్టింగ్. ఇక్కడే టెన్షన్ అంతా. వరుసలో నలభై కుట్లుంటే ఆ నలభై లూపులూ సూది మీదే ఉంటాయి. సూది జారితే అన్నీ గాల్లోనే. విడి సూదుల్లో వెదురువి కొంచెం నయం, కుట్లని పట్టి ఉంచుతాయి. పైగా నిద్రపోతున్న బిడ్డ పక్కన కింద పడినా లోహపు సూదుల్లా ఖంగుమనవు. అయినా నేను చెప్పేది మాత్రం సర్క్యులర్ సూదే. ఇది గుండ్రంగా అల్లేవాటికే అనుకుంటారు గానీ, వరుస చివర పని తిప్పుకుంటే మఫ్లర్ కూడా దీని మీదే అల్లుకోవచ్చు. లేవాల్సి వస్తే కుట్లన్నీ కేబుల్ మధ్యలోకి తోసేయండి, ఒక్కటీ జారదు. ఒక సూది సోఫా కింద మాయమయ్యే గొడవా లేదు. కేబుల్ చుట్టలు చుట్టుకుపోయి ఉంటే కాసేపు వేడినీళ్లలో ముంచండి, మెత్తబడుతుంది. కొనేముందు సూదీ కేబులూ కలిసే చోట గోరుతో గీసి చూడండి. గోరు తగులుకుంటే వద్దు, ప్రతి కుట్టూ అక్కడే ఆగి విసిగిస్తుంది.

వరుస మధ్యలో ఆపితే ఎటు అల్లాలో తెలియదని చాలామంది భయపడతారు. ఉండ నుంచి వచ్చే దారం ఏ సూది మీది కుట్టు నుంచి వేలాడుతోందో, ఆ సూది కుడిచేతిలోకి తీసుకోండి. అంతే సంగతి.

రో కౌంటర్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. సూదికి తొడిగేది ప్రతి వరుసకీ చేత్తో తిప్పాలి, హడావుడిలో మర్చిపోతాం. వేలికి పెట్టుకునేది సంచిలో దానంతటదే నొక్కుకుని అంకె మారిపోతుంది. పిల్లల చేతికి చిక్కిందా, సున్నాకే. అన్ని వరుసలూ నిట్ కుట్టుతో అల్లే గార్టర్ స్టిచ్‌కి అసలు కౌంటరే అక్కర్లేదు. రెండు వరుసలకి ఒక గట్టు వస్తుంది, గట్లు లెక్కపెట్టి రెండుతో గుణిస్తే సరి. డిజైన్ ఉంటే ప్రతి పదో వరుసకీ ఒక మార్కర్ తగిలించండి, ఎన్నాళ్ల తర్వాత తీసినా లెక్క అక్కడే ఉంటుంది.

ఏం అల్లాలంటారా? లేసు పని ఇప్పుడొద్దు. రాత్రి లైటు కింద నలుపు ఊలూ వద్దు, కుట్లు కనపడక చిరాకొస్తుంది. క్రోషేలో గ్రానీ స్క్వేర్లు, అంటే విడివిడిగా అల్లి తర్వాత కలుపుకునే చిన్న చదరాలు, బాగుంటాయి, దేనికది పూర్తవుతుంది కాబట్టి. ఒకటే షరతు: ప్రతి చదరానికీ కనీసం రెండు దారపు కొసలు మిగులుతాయి, రంగులు మారిస్తే ఇంకా ఎక్కువ. వాటిని ఎప్పటికప్పుడు సూదితో లోపలికి దాచేయండి. అన్నీ అయ్యాక చూద్దాంలే అనుకుంటే, ఆ కొసల కోసమే ఆఫీసుకి సెలవు పెట్టాల్సి వస్తుంది.